412 థంబ్‌నెయిల్స్

ఆదివారం, రాత్రి 11 దాటింది.

పొద్దున్న లేవగానే, మేం తయారుచేసిన ఫొటో వ్యూయర్ వాడే ఒకామె పంపిన మెసేజ్ మళ్లీ చదివాను. వచ్చి మూడు వారాలైంది. పాత ఫొటోలు స్కాన్ చేసి ఫోల్డర్లలో సర్దే పని ఆమెది. రోజంతా మా ఫొటో వ్యూయర్ తెరిచే ఉంటుంది. "మధ్యాహ్నం దాటాక బ్రౌజర్ దానంతటదే మూసుకుపోతోందండీ. మీ ప్రోగ్రామ్ వల్లో కాదో నాకు తెలియదు. కానీ ఇది తెరిచిన రోజే అలా అవుతోంది" అని రాశారు. చివర్లో, నేను అడగకపోయినా, "నా దగ్గర 4 జీబీ ర్యామే ఉంది" అని చేర్చారు. తప్పు తన కంప్యూటర్‌దేనేమో అన్న సంకోచం ఆ మాటలో కనిపించింది. మూడు వారాలుగా అదే గుర్తొస్తోంది.

నా మెషీన్‌లో 32 జీబీ ఉంది. ఏదైనా ప్రోగ్రామ్ రెండు జీబీ మింగి కూర్చున్నా నాకు తెలియదు. అందుకే అప్పుడు "నా దగ్గర బాగానే పనిచేస్తోందండీ" అని జవాబిచ్చాను. అలా రాసి ఉండకూడదు. మెమరీ పూర్తిగా అయిపోయినప్పుడు లినక్స్ కెర్నెల్‌లోని (సిస్టమ్ గుండెకాయలోని) ఓఓఎమ్ కిల్లర్, అంటే మెమరీ కోసం ప్రోగ్రామ్‌లను ఆపేసే భాగం, ఎవరో ఒకరిని చంపాలి. అది చూసేది ఆ క్షణంలో ఎవరు ఎక్కువ మెమరీ వాడుతున్నారనే. మెల్లగా పెంచుకుంటూ పోయింది ఎవరన్నది దానికి అక్కర్లేదు. పైగా కొన్ని బ్రౌజర్లు తమ ట్యాబ్‌ల ప్రాసెస్‌లనే ముందు తీసేయమని కెర్నెల్‌కి చెప్పి పెట్టుకుంటాయి. అందుకే మా వ్యూయర్ చేసిన పనికి ఆమె బ్రౌజర్ బలైపోతోంది. ఇది తట్టాక ఇక వాయిదా వేయబుద్ధి కాలేదు.

ముందు కొలవాలి. సిస్టమ్ మానిటర్‌లో కనిపించే అంకెని నేను నమ్మను. ఆర్‌ఎస్‌ఎస్‌లో (ప్రోగ్రామ్ ర్యామ్‌లో ఆక్రమించిన మొత్తంలో) లైబ్రరీల భాగం కూడా కలిసి ఉంటుంది, అదే లైబ్రరీని పది ప్రోగ్రామ్‌లు పంచుకున్నా పది చోట్లా లెక్కలోకి వస్తుంది. ప్రాక్ (నడుస్తున్న ప్రోగ్రామ్‌ల వివరాలు కెర్నెల్ చూపించే చోటు) కింద ప్రాసెస్ నంబరుతో ఉండే ఫోల్డర్‌లో ఎస్‌మ్యాప్స్ రోలప్ అనే ఫైల్ ఉంటుంది. 2017లో కెర్నెల్ 4.14తో వచ్చింది. అందులో ప్రైవేట్ డర్టీ అనే వరుస చూస్తే చాలు. అది అచ్చంగా ఈ ప్రోగ్రామ్ రాసుకున్న సొంత మెమరీ, ఇంకెవరితోనూ వాటా లేదు.

412 ఫొటోలున్న ఫోల్డర్ ఒకటి పెట్టుకున్నాను. వ్యూయర్ తెరవగానే 96 ఎంబీ. ఫోల్డర్ తెరిచి, కింది దాకా స్క్రోల్ చేసి, మూసేశాను. 214. మళ్లీ అదే చేశాను. 317. మూడోసారి 420. మొదటిసారి కాస్త ఎక్కువ పెరగడం మామూలే, ఫాంట్లూ ఐకాన్లూ క్యాష్‌లోకి ఎక్కుతాయి. ఆ తర్వాత మాత్రం ప్రతిసారీ కచ్చితంగా 103.

మొదట గ్లిబ్‌సీ (ప్రోగ్రామ్‌లు వాడుకునే ప్రాథమిక సీ లైబ్రరీ) మీద అనుమానం వచ్చింది. మనం ఫ్రీ చేసిన, అంటే పని అయ్యాక వదిలేసిన మెమరీని, అందులో మెమరీ కేటాయించే మాలోక్ వెంటనే సిస్టమ్‌కి తిరిగి ఇవ్వకపోవచ్చు, మళ్లీ అవసరపడుతుందని తన దగ్గరే ఉంచుకుంటుంది. చూసేవాళ్లకి అది లీక్ (పని అయినా వదలని మెమరీ) లాగే ఉంటుంది. తేల్చుకోవడం కష్టం కాదు. నడుస్తున్న ప్రోగ్రామ్‌కి జీడీబీతో (ప్రోగ్రామ్‌ని ఆపి లోపల చూసే టూల్) అటాచ్ అయి, మాలోక్ ట్రిమ్‌ని సున్నాతో పిలవాలి. ఖాళీగా పడి ఉన్న పేజీలన్నీ సిస్టమ్‌కి వెళ్లిపోతాయి. పిలిచాను. 420 కాస్తా 416 అయింది, అంతే. మిగతాదంతా నిజంగానే ఎవరో వాడుతున్నారు.

అప్పుడు కాగితం మీద ఒక చిన్న భాగహారం చేశాను. 103 ఎంబీని 412తో భాగిస్తే ఒక్కో ఫొటోకి పావు ఎంబీ. మా థంబ్‌నెయిల్ (ఫొటోకి బదులు చూపే చిన్న బొమ్మ) 256 పిక్సెళ్ల చదరం. పిక్సెల్‌కి 4 బైట్లు. 256ని 256తో, దాన్ని 4తో గుణిస్తే 2,62,144 బైట్లు, అంటే సరిగ్గా పావు ఎంబీ. తేడా లేదు, శేషం లేదు. పెన్ను కింద పెట్టి కాసేపు ఆ అంకె వైపే చూస్తూ ఉండిపోయాను. ఫోల్డర్ మూసినా ఒక్క థంబ్‌నెయిల్ కూడా చావడం లేదు. మొత్తం 412 బతికే ఉన్నాయి.

ఏది మిగులుతోందో తెలిసింది, ఎందుకు మిగులుతోందో తెలియాలి. మెమరీ తప్పుల్ని పట్టే వాల్‌గ్రిండ్ తీశాను. 2002 నుంచి ఉన్న టూల్, ఇప్పటికీ నాకు దాని మీదే గురి. కానీ దాని కింద ప్రోగ్రామ్ ఇరవై ముప్ఫై రెట్లు నెమ్మదిగా నడుస్తుంది. విండో రావడానికే బాగా వేచి ఉండాలి. మౌస్ కదిపితే బటన్ రంగు మారడానికి కూడా ఆలస్యం. అందుకని 20 ఫొటోలున్న చిన్న ఫోల్డర్‌తో సరిపెట్టాను. మా వ్యూయర్ వాడే జీలిబ్ అనే లైబ్రరీతో పాటు వచ్చే సప్రెషన్ ఫైల్‌ (పట్టించుకోనక్కర్లేని వాటి జాబితా) కూడా ఇచ్చాను. అది లేకపోతే, కావాలనే చివరిదాకా ఉంచుకునే వస్తువులన్నీ రిపోర్ట్‌లో పడి అసలు విషయం కనబడదు.

రిపోర్ట్‌లో 'డెఫినిట్లీ లాస్ట్' (కచ్చితంగా పోయినవి) కింద రెండు కేబీ కూడా లేదు. ఉన్నదీ మాది కాదు.

సరిగ్గా అప్పుడే మాతో పాటు ఈ ప్రోగ్రామ్ మీద పనిచేసే కుర్రాడు ఫోన్ చేశాడు. విషయం చెప్పాను.

"అన్నా, వాల్‌గ్రిండ్ ఏమీ లేదంటుంటే మరి లీక్ ఎలా అవుతుంది?" అన్నాడు.

"అది పోయినవాటినే చూపిస్తుంది రా. అంటే దాని చిరునామా పట్టుకున్న ఏ పాయింటరూ లేకుండా అనాథగా మిగిలిపోయిన మెమరీని. ఇది పోలేదు. ఎవరో దీన్ని ఇంకా పట్టుకునే ఉన్నారు."

"మరి లీక్ శానిటైజర్ పెట్టి చూద్దామా?"

"అదీ అంతే. పాయింటర్ దొరికితే వదిలేస్తుంది."

ఈ తేడా వాడికి ఇంకాస్త వివరంగా చెప్పి ఉండాల్సింది. డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌లలో నేను చూసిన పెద్ద లీక్‌లన్నీ ఇలాంటివే. మాలోక్ చేసి ఫ్రీ మరచిపోవడం ఇప్పుడు తక్కువ. జీలిబ్‌లో ఆటోపాయింటర్లు 2015లో వచ్చాయి, ఫంక్షన్ దాటగానే వాటంతటవే సర్దుకుంటాయి. ఇప్పుడు ఎక్కువగా ఇబ్బంది పెట్టేది రిఫరెన్స్ కౌంట్, అంటే ఒక ఆబ్జెక్ట్‌ని ఎంతమంది పట్టుకుని ఉన్నారన్న లెక్క. ఎవరో ఒక ఆబ్జెక్ట్‌ని పట్టుకుని, పని అయ్యాక కూడా వదలరు. టూల్ దృష్టిలో అది వాడకంలో ఉన్న మెమరీయే. 4 జీబీ మెషీన్ ముందు కూర్చున్నామెకి మాత్రం అది పోయినట్టే.

రిపోర్ట్‌ని అన్ని రకాలూ చూపించమని అడిగి మళ్లీ రన్ చేశాను. 'స్టిల్ రీచబుల్' (ఇంకా ఎవరో పట్టుకున్నవి) కింద ఉంది: 20 బ్లాక్‌లు, 52,42,880 బైట్లు. స్టాక్ ట్రేస్ (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే వరుస) మా టెక్స్చర్ (తెర మీద గీసే బొమ్మ) తయారు చేసే ఫంక్షన్ దగ్గర మొదలవుతోంది. హీప్‌ట్రాక్ అనే ఇంకో టూల్ కూడా అదే మాట చెప్పింది, చాలా త్వరగా. ఈ రెండూ ఆ మెమరీ ఎక్కడ పుట్టిందో చెబుతాయి. ఎవరు వదలడం లేదన్నది వాటి పని కాదు.

మధ్యాహ్నం అంతా ఆ 'ఎవరు' అన్న ప్రశ్నతోనే గడిచింది.

డీబగ్ సపోర్ట్‌తో బిల్డ్ చేసుకున్న జీలిబ్ నా దగ్గర ఉంది. జీఆబ్జెక్ట్ డీబగ్ వేరియబుల్‌లో ఇన్‌స్టన్స్ కౌంట్ అని పెట్టి వ్యూయర్ తెరిచాను. కంట్రోల్, షిఫ్ట్, డి నొక్కితే జీటీకే (విండోలూ బటన్లూ గీసే లైబ్రరీ) ఇన్‌స్పెక్టర్ వస్తుంది. అందులో స్టాటిస్టిక్స్‌కి వెళితే ఏ రకం ఆబ్జెక్ట్‌లు ఎన్ని బతికున్నాయో కనిపిస్తుంది. ఫోల్డర్ మూశాక మా థంబ్‌నెయిల్ విడ్జెట్లు (తెర మీద ఒక్కో థంబ్‌నెయిల్‌ని చూపే భాగాలు) 412. రెండోసారి మూశాక 824. విండో మాత్రం ఒకటే, ఫోల్డర్ పేజీ ఒకటే. అంటే పైవాళ్లంతా పద్ధతిగానే పోతున్నారు. విడ్జెట్ ఒక్కటే మిగిలిపోతోంది, దానితో పాటు దాని బొమ్మ. వెతకాల్సిన చోటు ఒక్క ఫైల్‌కి తగ్గింది.

తర్వాత చేసిందే రోజంతటిలో ఓపిక కావాల్సిన పని. జీడీబీలో ఒక్క విడ్జెట్‌ని ఎంచుకుని దాని రిఫరెన్స్ కౌంట్ మీద వాచ్‌పాయింట్ పెట్టాను. ఆ అంకె మారిన ప్రతిసారీ ప్రోగ్రామ్ ఆగాలి, ఎవరు మార్చారో బ్యాక్‌ట్రేస్ రాయాలి, ముందుకెళ్లాలి. ఒక్క థంబ్‌నెయిల్ జీవితంలో 30 సార్లకు పైగా ఆగింది. జీటీకే మామూలుగా తీసుకునేవే చాలా ఉంటాయి: ఈవెంట్ వస్తే ఒకటి పట్టుకుంటుంది, అవగానే వదిలేస్తుంది. కాగితం మీద రెండు వరుసలు గీశాను. పట్టుకున్నవి ఎడమ పక్క, వదిలినవి కుడి పక్క. జమాఖర్చు పుస్తకం రాసినట్టు ఒక్కోదాన్ని ఎదురెదురుగా కొట్టేస్తూ వచ్చాను. మధ్యలో ఒకసారి లెక్క తప్పి మళ్లీ మొదటి నుంచి రాశాను. చివరికి ఎడమ పక్క ఒక్క గీత మిగిలింది. దానికి జత లేదు. బ్యాక్‌ట్రేస్‌లో రెండో వరుస మా కోడ్‌దే. విడ్జెట్ పుట్టగానే, థంబ్‌నెయిల్ సైజు మారితే తెలియజేయమని సెట్టింగ్స్ ఆబ్జెక్ట్‌కి కనెక్ట్ అయ్యే చోటు.

సెట్టింగ్స్ ఆబ్జెక్ట్ ప్రోగ్రామ్ మూసేదాకా బతికే ఉంటుంది. కనెక్ట్ అయ్యేటప్పుడు మేం దానికి విడ్జెట్ మీద ఒక రిఫరెన్స్ తీసి ఇచ్చాం, సిగ్నల్ (ఆ కబురు అందించే కనెక్షన్) డిస్కనెక్ట్ అయినప్పుడు దాన్ని వదలమన్నాం. డిస్కనెక్ట్ చేసే లైన్ ఎక్కడుంది? విడ్జెట్ చివరికి పోయేటప్పుడు నడిచే ఫైనలైజ్ ఫంక్షన్‌లో. రిఫరెన్స్ వదిలితే తప్ప ఫైనలైజ్ రాదు, ఫైనలైజ్ వస్తే తప్ప రిఫరెన్స్ వదలదు. తాళంచెవి లోపల పెట్టి తలుపు తాళం వేసుకున్నట్టు. బయటినుంచి ఎంత తట్టినా అది తెరుచుకోదు.

ఆ రిఫరెన్స్ ఎవరు చేర్చారో చూద్దామని గిట్ బ్లేమ్ చేశాను. నేనే, మూడేళ్ల కిందట. అప్పుడు థంబ్‌నెయిల్ సైజు మారిస్తే ప్రోగ్రామ్ క్రాష్ అయ్యేది. అప్పటికే పోయిన విడ్జెట్‌కి కబురు వెళ్లి పడిపోయేది. విడ్జెట్‌ని ఒక రిఫరెన్స్‌తో పట్టి ఉంచితే అది పోదు కదా అని పట్టి ఉంచాను. క్రాష్ ఆగింది, అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను. క్రాష్ అయితే వెంటనే తెలుస్తుంది, ఎవరో ఒకరు చెబుతారు. లీక్ అలా కాదు, ఎక్కడో ఒక చిన్న కంప్యూటర్‌లో మధ్యాహ్నం వేళ వేరే ప్రోగ్రామ్ మీద పడుతుంది. ఆమె ఆ రెండు లైన్లు రాసి ఉండకపోతే ఇంకో మూడేళ్లయినా నాకు తెలిసేది కాదు.

సరిచేయడానికి ఎక్కువసేపు పట్టలేదు. జీసిగ్నల్ కనెక్ట్ ఆబ్జెక్ట్ అనే ఫంక్షన్ సరిగ్గా ఇలాంటి సందర్భానికే ఉంది. అది విడ్జెట్‌ని పట్టి ఉంచదు. విడ్జెట్ పోతే కనెక్షన్‌ని కూడా అదే తీసేస్తుంది. అటు లీక్ ఉండదు, ఇటు పాత క్రాష్ తిరిగి రాదు. నాలుగు లైన్లు తీసి ఒక లైన్ పెట్టాను. పాత క్రాష్ నిజంగా రావడం లేదని సైజు చిన్నదీ పెద్దదీ చేస్తూ చాలాసేపు చూశాను. ఆ విషయంలో ఇంకోసారి తొందరపడదలచుకోలేదు.

టెస్ట్ కూడా రాశాను. జీలిబ్ 2.62 నుంచి అసర్ట్ ఫైనలైజ్ ఆబ్జెక్ట్ అని ఒకటుంది. మన చేతిలోని రిఫరెన్స్ వదిలాక ఆ ఆబ్జెక్ట్ నిజంగా పోయిందా లేదా అని చూసి, పోకపోతే టెస్ట్‌ని ఫెయిల్ చేస్తుంది. ముందు పాత కోడ్ మీద రన్ చేశాను, ఫెయిల్ అయింది. కొత్తదాని మీద పాస్. ఇంకెవరైనా తెలియక మళ్లీ అలాంటి కనెక్షన్ పెడితే రిలీజ్ దాకా రాకుండా అక్కడే ఆగిపోతుంది.

సాయంత్రం అదే 412 ఫొటోల ఫోల్డర్‌ని ఒక స్క్రిప్ట్‌తో 50 సార్లు తెరిచి మూశాను. మొదట 96. ఒకసారి మూశాక 111. పదోసారికి 113. ఆ పైన కదల్లేదు. యాభయ్యోసారీ 113 ఎంబీయే. పాత కోడ్‌తో అయితే ఐదు జీబీ దాటేది. ఆ అంకెని డైరీలో ఎర్ర ఇంకుతో రాసుకున్నాను.

తర్వాత నా మెషీన్‌లోనే 4 జీబీతో ఒక వర్చువల్ మెషీన్ పెట్టాను. ఇకనుంచి ప్రతి రిలీజ్‌కీ ముందు ఒక రోజంతా అందులోనే పని చేసి చూస్తాను. ఈ పని ఎప్పుడో మొదలుపెట్టి ఉండాల్సింది.

రాత్రి ఆమెకి రాశాను. తప్పు మాదేనని, ఆమె కంప్యూటర్‌లో ఏ లోపమూ లేదని, బ్రౌజర్ ఎందుకు మూసుకుపోయిందో, మొదట నేనిచ్చిన జవాబు ఎందుకు సరికాదో, అన్నీ రాశాను. కొత్త బిల్డ్ కూడా పంపాను. పావుగంటలో జవాబు వచ్చింది.

"చాలా థ్యాంక్సండీ. రేపు పొద్దున్నే తెరిచి సాయంత్రం దాకా అలాగే ఉంచుతాను. బ్రౌజర్‌లో ఎన్ని ట్యాబ్‌లు ఉన్నాయో కూడా రాసి పెట్టనా?"

రాసి పెట్టమన్నాను.