వాషింగ్టన్ ఎస్టేటులో వేసవి చదువు

అమెరికా ప్రభుత్వ పాఠశాలల్లో ఉపాధ్యాయుల ఒప్పందం చాలాచోట్ల పది నెలల పనికే ఉంటుంది. జూన్‌లో బడి మూతపడ్డాక కొందరు సమ్మర్ స్కూల్‌లో పాఠాలు చెబుతారు, కొందరు వేరే పని చూసుకుంటారు, లైసెన్సు రెన్యువల్‌కు కావలసిన శిక్షణను చాలామంది ఆ నెలల్లోనే పూర్తి చేసుకుంటారు. వర్జీనియాలో మిడిల్ స్కూల్ పిల్లలకు అమెరికా చరిత్ర బోధిస్తున్న నేను ఆ శిక్షణ కోసం ఎంచుకున్నది మౌంట్ వెర్నన్, అంటే పోటోమాక్ నది ఒడ్డున జార్జ్ వాషింగ్టన్ కాపురమున్న ఎస్టేటు. చరిత్ర ఉపాధ్యాయుల కోసం అక్కడ వేసవిలో నడిపే శిక్షణలో బస కూడా ఆ ఆవరణలోనే ఉంటుంది. పగలంతా చరిత్రకారుల ఉపన్యాసాలు, మూలపత్రాల పఠనం, భవనంలోనూ పొలాల్లోనూ నడక. సాయంత్రం సందర్శకులు వెళ్లిపోయాక ఉపాధ్యాయుల మధ్య చర్చ.

ఈ దేశంలో పుట్టని మనిషి ఈ దేశపు చరిత్రను ఇక్కడి పిల్లలకు చెప్పడంలో ఒక ప్రత్యేకమైన బరువు ఉంది. నేను చదువుకున్న పుస్తకాల్లో కార్న్‌వాలిస్ 1793లో శాశ్వత శిస్తు విధానాన్ని తెచ్చిన గవర్నర్ జనరల్. నా విద్యార్థులకు ఆయన అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, 1781లో యార్క్‌టౌన్‌లో ఓడిపోయిన బ్రిటిష్ సేనాని మాత్రమే. ఇలాంటి తేడాలను చదువుకుని సర్దుకోవచ్చు. చదివినంత మాత్రాన తేలికపడనిది, జాతిపితగా కొలుచుకునే వ్యక్తి వందలమంది బానిసలకు యజమాని అని చెప్పవలసిన పాఠం. పరాయి యాసలో మాట్లాడే ఉపాధ్యాయులు మా నాయకుణ్ణి తప్పుపడుతున్నారని ఒక ఇంట్లో, అసలు సంగతిని మెత్తగా దాటవేస్తున్నారని మరో ఇంట్లో అనుకుంటారేమోనన్న జంకు ఉంటుంది. నాకు తెలిసిన వలస ఉపాధ్యాయులు కొందరు ఈ భాగాన్ని పాఠ్యపుస్తకంలో ఉన్న నాలుగు వాక్యాలతో ముగించడానికి కారణం బద్ధకం కాదు, ఈ జంకే.

మౌంట్ వెర్నన్ ప్రభుత్వ ఆస్తి కాదన్న సంగతి చాలామందికి తెలియదు. శిథిలమవుతున్న ఆ ఇంటిని కాపాడడానికి 1853లో ఆన్ పమేలా కన్నింగ్‌హామ్ మహిళల సంఘాన్ని ఏర్పాటు చేసి, విరాళాలు కూడబెట్టి, 1858లో వాషింగ్టన్ వారసుడితో 2 లక్షల డాలర్లకు కొనుగోలు ఒప్పందం కుదుర్చుకుంది. నేటికీ ఎస్టేటును నడుపుతున్నది ఆ సంఘమే. మొదట్లో నాయకుడి ఇంటిని నిలబెట్టడమే దాని లక్ష్యం. బానిసల శ్మశానవాటిక దగ్గర ఆ సంఘం 1929లో ఒక చిన్న ఫలకం పెట్టించింది; హోవర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు రూపకల్పన చేసిన స్మారకం అక్కడ 1983లో వచ్చింది. ఆ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఒక దేశం తన గతం గురించి ఎంత మాట్లాడడానికి ఎప్పుడు సిద్ధపడిందో చూపడానికి ఇంతకంటే మంచి చోటు నాకు కనిపించలేదు.

శిక్షణ మొత్తంలో నా బోధనను మార్చినది మాత్రం 1799లో వాషింగ్టన్ స్వయంగా తయారు చేసిన బానిసల జాబితా. ఆయన పొలాలు ఐదు భాగాలుగా ఉండేవి. ఏ పొలంలో ఎవరున్నారు, వారి వయసెంత, పనేమిటి, భార్య లేదా భర్త ఎవరు, ఎక్కడ ఉంటారు అన్న వివరాలు అందులో ఉన్నాయి. ఆ ఏడాది ఎస్టేటులో మొత్తం 317 మంది బానిసలుండేవారు. వారిలో 123 మంది వాషింగ్టన్ సొంతం. 153 మంది వాషింగ్టన్ భార్య మార్తా మొదటి భర్త డేనియల్ పార్క్ కస్టిస్ ఆస్తికి చెందినవారు. మిగిలినవారిలో దాదాపు అందరూ అద్దెకు తెచ్చుకున్నవారు. భర్త ఒక పొలంలో, భార్యాపిల్లలు మరో పొలంలో ఉన్న కుటుంబాలు ఎన్నో. వారానికి ఆరు రోజులు పని కాబట్టి, శనివారం పని ముగిశాక భర్త నడిచి వెళ్లి ఇంటివారిని కలుసుకోవలసి వచ్చేది. ఒక పొలం నుంచి మరో పొలానికి ఉన్న దూరాన్ని మా చేత కొంత నడిపించారు. ఆ ఎండలో నడిచాక జాబితాలోని అక్షరాలు నాకు వేరుగా కనిపించాయి.

ఆ లెక్కలు లేకుండా వాషింగ్టన్ వీలునామా అర్థం కాదు. ఆయన తన సొంత బానిసలకు మార్తా మరణం తరువాత విముక్తి కలగాలని రాశాడు. ఆమె అంతవరకు ఆగకుండా 1801 జనవరి 1 నుంచి వారిని విడుదల చేసింది. కస్టిస్ ఆస్తి మాత్రం వేరు. కస్టిస్ వీలునామా రాయకుండా మరణించినందువల్ల మార్తాకు దక్కింది జీవితకాలం అనుభవించే మూడో వంతు భాగమే. ఆ భాగంలోని మనుషులను విడిచిపెట్టే హక్కు ఆమెకు గానీ వాషింగ్టన్‌కు గానీ చట్టరీత్యా లేదు. 1802లో ఆమె మరణించాక వారిని మనవలు పంచుకున్నారు. పిల్లల హోదా తల్లిని బట్టి ఉండేది కాబట్టి, తండ్రికి విముక్తి దొరికినా బిడ్డలు బానిసలుగా మిగిలిన ఇళ్లున్నాయి. వంటవాడు హెర్క్యులీస్ 1797 ఫిబ్రవరి 22న, వాషింగ్టన్ పుట్టినరోజునే, తప్పించుకుపోయాడు. కొద్ది వారాలకు అక్కడికి వచ్చిన ఫ్రెంచి రాకుమారుడు లూయీ ఫిలిప్ డైరీలో, తండ్రి ఇక కనబడడని బాధగా ఉందా అని హెర్క్యులీస్ చిన్న కూతుర్ని అడిగితే, ఆయనకు స్వేచ్ఛ దొరికింది కాబట్టి సంతోషంగా ఉందని ఆ పిల్ల చెప్పినట్టు ఉంది.

ఇవన్నీ తెలుసుకున్నాక పాఠం చెప్పే తీరు ఎలా ఉండాలన్నదే మా చర్చల్లో ఎక్కువ సమయం తీసుకుంది. తీర్పు ముందు చెప్పకూడదు, కాగితం ముందు పెట్టాలి అన్నదే నేను గట్టిగా పట్టుకున్న సూత్రం. మార్తాకు సేవలు చేసిన బానిస యువతి ఓనా జడ్జ్ కథను నేనిప్పుడు అలాగే చెబుతున్నాను. 1796 మేలో ఆమె అప్పటి రాజధాని ఫిలడెల్ఫియాలోని అధ్యక్ష భవనం నుంచి వెళ్లిపోయిన కొద్ది రోజులకు పత్రికలో వచ్చిన ప్రకటనను మొదట పిల్లలకు ఇస్తాను. ఆమె వెళ్లిపోవడానికి ఏ కారణమూ లేదని, పట్టిస్తే పది డాలర్లు ఇస్తామని అందులో ఉంటుంది. దాని మీద పిల్లలు ప్రశ్నలు రాసుకున్నాక, దాదాపు యాభై ఏళ్ల తరువాత న్యూ హాంప్‌షైర్‌లో ఆమె ఇచ్చిన ఇంటర్వ్యూలు చదివిస్తాను. తిరిగి వర్జీనియా వెళితే తనకు ఎన్నటికీ స్వేచ్ఛ దొరకదని తెలిసి, వాషింగ్టన్ ఇంటివారు ప్రయాణానికి సామాను సర్దుకుంటుంటే తానూ సర్దుకున్నానని, వారు భోజనం చేస్తున్న వేళ బయటపడ్డానని ఆమె చెప్పింది. కారణం లేదన్న ప్రకటన, కారణం చెప్పిన మనిషి, రెండూ బల్ల మీద ఉన్నప్పుడు ఉపాధ్యాయుల యాస గురించి ఎవరూ ఆలోచించరు. ఒకప్పుడు నేను ఒక్క పూటలో ముగించిన ఈ భాగానికి ఇప్పుడు ఐదు పీరియడ్లు కేటాయిస్తున్నాను.

వీసా మీద వచ్చి ఇక్కడి బడుల్లో సోషల్ స్టడీస్ చెబుతున్న తెలుగువారు ఇలాంటి శిక్షణలు ఇక్కడివారికే అనుకుని దరఖాస్తు కూడా చేయకపోవడం చూశాను. నాతో ఉన్నవారిలో ఎవరూ నన్ను అతిథిగా చూడలేదు. తరగతి గదిలో ఈ చరిత్ర చెబుతున్నానా లేదా అన్నదే అక్కడ లెక్క. ప్రకటనలు వేసవికి చాలా నెలల ముందే వస్తాయి కాబట్టి, చలికాలం సెలవుల్లోనే దరఖాస్తు వ్యాసం రాసి ఉంచుకోవడం, హాజరైన గంటల ధ్రువపత్రాన్ని లైసెన్సు ఫైలులో భద్రపరచడం అవసరం. వచ్చే వేసవికి నేను థామస్ జెఫర్సన్ ఎస్టేటు మాంటిచెల్లోకి దరఖాస్తు పెట్టుకుంటున్నాను.