అగ్గిపెట్టెలో ఏనుగు

మా బడి పాత విద్యార్థుల సమావేశం సావనీర్ కమిటీ తరఫున కూడిక (మా క్లాసులో వాడికి అదే పేరు) ఫోన్ చేసేసరికి నేను గోడౌన్‌లో లోడు దింపిస్తున్నాను. "రెండు పేజీలు, ఒక ఫొటో. వారం గడువు. నీ నాణేల గురించి రాయి, వ్యాపారం గురించి కూడా నాలుగు ముక్కలు రాయి, ఇప్పటి పిల్లలు చదువుతారు" అన్నాడు. బ్యాంకు మేనేజరుగా రిటైరైనా వాడి గొంతు మారలేదు. తొమ్మిదో తరగతి బి సెక్షన్‌లో మూడో బెంచీ మీంచి లేచి "సార్, ఇది కూడిక గుర్తండీ" అన్న గొంతే.

రాయాలంటే నేను అక్కడినుంచే రాయాలి. గొడుగు సంగతి, హాస్టలు గోడ సంగతి, నాటకంలో ధర్మరాజు కిరీటం సంగతి ఎవరో ఒకరు రాయకుండా ఉండరు. అవి వాళ్లకే వదిలేస్తున్నాను. నాకు ఈ బడి అంటే ఒక్క పీరియడు.

ఆ రోజు శాతవాహనుల పాఠం. సోషల్ మాస్టారు పుస్తకం తెరవలేదు. చొక్కా జేబులోంచి అగ్గిపెట్టె తీశారు. ఆయన బీడీ, చుట్ట ముట్టరని అందరికీ తెలుసు, అందుకే క్లాసు ఒక్కసారి సద్దుమణిగింది. పెట్టెలో దూది. దూదిలో మట్టిరంగు తిరిగిన నల్లని బిళ్ల. పావలా కంటే చిన్నది, పట్టుకుంటే పావలా కంటే బరువు. పూర్తిగా గుండ్రంగా కూడా లేదు, ఒక పక్క నొక్కుకుపోయి చింతగింజలా ఉంది.

"సీసం. మెత్తన. గోరు తగిలితే గీత పడుతుంది. అంచులు పట్టుకోండి, మొహం మీద వేలు పెట్టకండి. చూశాక చేతులు కడుక్కోండి" అన్నారు. ఉల్లిపొర కాగితాలు ముక్కలుగా కత్తిరించి తెచ్చారు, ఒక్కొక్కరికి ఒక్కోటి. నాణెం మీద కాగితం పరిచి, పెన్సిలు పక్కకి వాల్చి, ఊదినంత తేలిగ్గా రుద్దాలి. మొదటి బెంచీ నుంచి మొదలై నా దగ్గరికి వచ్చేసరికి గంట కొట్టడానికి పది నిమిషాలుంది. కంటితో చూస్తే ఆ బిళ్ల మీద నాకేమీ కనిపించలేదు, మట్టి, గుంటలు తప్ప. రుద్దుతుంటే ముందు ఒక వంపు తేలింది. అది వీపు. తరవాత రెండు కాళ్లు. చివర్న పైకెత్తిన తొండం. నా కాగితంలో, నా పెన్సిలు కింద, ఏనుగు నడిచి వచ్చింది. ఆ క్షణంలో నాకు ఒళ్లు జల్లుమన్న సంగతి ఇన్నేళ్లలో నా భార్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

రెండో వైపు అడ్డంగా నిలువుగా గీతలు, నాలుగు చివర్లా నాలుగు సున్నాలు. అది చూసే మనవాడు కూడిక గుర్తన్నాడు. మాస్టారు కోప్పడలేదు. "ఇది ఉజ్జయినీ చిహ్నం. శాతవాహనుల నాణేల మీద చాలావాటిమీద ఉంటుంది. కానీ నువ్వన్న కూడిక గుర్తు కూడా ఉందిరా, ఇటు చూడు" అని ఏనుగు పక్కన అంచున ఉన్న చిన్న గుర్తు చూపించారు. బోర్డు మీద పెద్దగా వేశారు. "ఇది బ్రాహ్మీ లిపిలో క. మనం రాసే 'క' దీని మునిమనవరాలు." ఆ గీత మెల్లగా వంగి, తలకట్టు తెచ్చుకుని, తెలుగు క అయ్యేదాకా ఐదారు మెట్లు వేసి చూపించారు. అప్పటిదాకా అక్షరాలు ఎప్పుడూ ఇలాగే ఉంటాయనుకున్నాను.

లీడర్ అడిగింది: "ఏ రాజుదండీ ఇది?" మాస్టారు నాణేన్ని వెలుగులోకి తిప్పి చాలాసేపు చూశారు. "సిరి అని ఉంది, క కనిపిస్తోంది, తక్కిన అక్షరాలు అంచు దాటిపోయాయి. సాతకర్ణి అయ్యుండచ్చు. ఆ పేరున్న రాజులు చాలామంది. ఎవరో ఈ నాణెం చెప్పడం లేదు. అది చెప్పనిదాన్ని మనం చెప్పించకూడదు." ఇది నేను ఎత్తి రాసుకున్న వాక్యం. నోటుబుక్కు చివరి అట్ట లోపల ఉంది.

దూది కింద మడతపెట్టిన చీటీ ఒకటి ఉంది. దాన్ని ఆయనే చదివి వినిపించారు. వాన వెలిసిన మర్నాడు, మిరప చేను, కాలువ గట్టు వైపు, పశువులు కాసే పిల్లవాడు తెచ్చాడు. అంతే. "నాణెం పోయినా ఫర్వాలేదు, ఈ చీటీ పోకూడదు" అన్నారు. మనకి అది వింతగా తోచింది. మర్నాడు సైన్సు మాస్టారిని బతిమాలి లాబ్‌లో గాజుపెట్టె త్రాసు తీయించి, చిమటాతో బుల్లి రాళ్లు వేయించి, బరువు కూడా ఆ చీటీ మీద రాయించారు. ఆ చిమటా పట్టుకున్నది నేనే.

పదో తరగతి ఎలా గడిచిందో, ఇంటర్‌లో ఏం చదివానో ఎంత తలుచుకున్నా రావడం లేదు. డిగ్రీ మధ్యలో నాన్నగారు మంచాన పడ్డారు. నేను కొట్లో కూర్చున్నాను.

మా కొట్టు మీకు తెలుసు. ఇత్తడి బిందెలు, రాగి చెంబులు, కంచు కంచాలు. నేను కూర్చునేసరికే స్టీలు వచ్చి అవన్నీ అటకెక్కుతున్నాయి. నాన్నగారి పేరు నిలబెట్టాలంటే నేనూ స్టీలు తేవాలి, తెచ్చాను. పాతవి తెచ్చిన వాళ్లకి బరువు కట్టి కొత్తవి ఇచ్చేవాణ్ణి. కాటాలో మోసం చేయలేదు, తరుగు ఎక్కువ తీయలేదు. అందుకే చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు అమ్మాయి పెళ్లి అంటే మా కొట్టుకే వచ్చారు, ఇప్పుడు వాళ్ల మనవరాళ్ల పెళ్లిళ్లకీ వస్తున్నారు. కొట్టు మూడైంది. పాత్రలు చేసే చిన్న యూనిట్ పెట్టాం, నలభై మంది పని చేస్తున్నారు. అప్పు మీద అప్పు చేయకుండా పెరిగాను. ఆ మాట రాసుకోవడానికి నాకు సంతోషంగానే ఉంది.

ఆ పాత సామానులోంచే నాణేలు వచ్చాయి. బిందె బోర్లిస్తే అడుగున కానీలు, అర్ధణాలు. పోపుల డబ్బాలో రెండో ప్రపంచయుద్ధంలో 1943 నుంచి లోహం పొదుపు కోసం నడుమ చిల్లు పెట్టి వేసిన కానీలు. దేవుడి పళ్లెంలో తామరపువ్వున్న ఇత్తడి రంగు ఇరవై పైసలు. 1957 ఏప్రిల్ 1న వచ్చిన నయా పైసలు, 1964లో ఆ 'నయా' పోయి మిగిలిన పైసలు. అవి తిరిగి ఇచ్చేస్తాను, వద్దంటే విలువ కట్టి తీసుకుంటాను. తీసుకున్న ప్రతిదానికీ చీటీ. ఏ ఊరు, ఎవరింట్లోది, దేనిలో వచ్చింది, బరువెంత. గుమాస్తాలకి మొదట్లో విసుగొచ్చేది. ఇప్పుడు నేను లేకపోయినా వాళ్లే రాస్తారు.

పిల్లలకోసం ఒక మాట. దుడ్డు, కాసు, రూక, పైసా, అంతెందుకు, డబ్బు అనే మాట కూడా ఒకప్పుడు ఒక్కో నాణెం పేరు. రాగి డబ్బులు మచిలీపట్నంలో డచ్చివాళ్లూ వేశారు, ఇంగ్లీషువాళ్లూ వేశారు. నాణేలు చలామణి నుంచి పోయాయి, పేర్లు మన నోళ్లలో చలామణి అవుతూనే ఉన్నాయి.

లోహం నా పని కాబట్టి దొంగ నాణేలు నన్ను పెద్దగా మోసం చేయలేకపోయాయి. పోత పోసినదానికీ అచ్చు కొట్టినదానికీ తేడా నా వేళ్లకి తెలుసు. పోతదైతే అంచు చుట్టూ సన్నని అతుకు గీత, మొహం మీద సూది బెజ్జాలు ఉంటాయి. ఒకాయన ఆరో జార్జి బొమ్మతో 1939 రూపాయి తెచ్చాడు. ఆ సంవత్సరం రూపాయి చాలా అరుదు, ధర కూడా అలాగే చెప్పాడు. భూతద్దం కింద చూస్తే 9 చుట్టూ నేల గీకి ఉంది. 8 ని అరగదీసి 9 చేశారు. చూపించి, టీ ఇప్పించి పంపాను.

ఒకసారి పునాది తవ్వే కూలీ ముంతెడు వెండి నాణేలు మూటకట్టి తెచ్చాడు. నా చేతులు ఆగలేదంటే అబద్ధం కాదు. ఒక్కటే తీసి చూసి మళ్లీ మూట కట్టేశాను. భూమిలో దొరికిన నిధి పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకి తెలియజేయాలని 1878 నాటి చట్టం. ఆయన్ని స్కూటర్ ఎక్కించుకుని తాసీల్దారు దగ్గరికి నేనే తీసుకెళ్లాను, వాంగ్మూలం రాసేదాకా పక్కన కూర్చున్నాను. చీటీ లేకుండా ఆ ముంత నా బీరువాలోకి వస్తే మాస్టారి మొహం ఎలా చూస్తాను?

ఆ చీటీ విలువ ఎంతో నాకు కోటిలింగాల చెప్పింది. గోదావరి ఒడ్డున, పాత కరీంనగర్ జిల్లా. అక్కడ దొరికిన నాణేల మీద గోబద, నారన లాంటి శాతవాహనులకు ముందటి రాజుల పేర్లున్నాయి, శాతవాహనుల తొలి రాజు సిముకుడి పేరూ ఉంది. శాసన పరిశోధకులు పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు వాటిని చదివి ప్రకటించాకే, శాతవాహనుల తొలిరోజులు తెలుగునేల మీదే అన్న వాదనకి బలం వచ్చింది. అవే నాణేలు ఊరు పేరు పోగొట్టుకుని బజారుకి వచ్చుంటే? పేరు చదవగలిగేవాళ్లం, ఊరు చెప్పలేకపోయేవాళ్లం.

ఇక నేను చెప్పాల్సిన కష్టం ఒకటుంది. సీసం నాణేలంటే నాకు ప్రాణం కాబట్టి వాటికోసం ప్రత్యేకంగా పెట్టె చేయించాను. కొత్త కర్ర, లోపల సొరుగులు, ఒక్కో నాణేనికి ఒక్కో గుంట, పైన వార్నిష్. నలభై ఒక్క నాణేలు అందులో సర్దాను. తరవాత యూనిట్ పెట్టడం, అమ్మాయి చదువు, నాన్నగారు పోవడం. ఆరేళ్లు ఆ పెట్టె తెరవలేదు. తెరిచేసరికి గుంటల్లో తెల్లని పొడి. కొన్నిటికి పైపొర మాత్రమే తెల్లబడింది. పద్నాలుగు నాణేలు మాత్రం వేలితో తాకితే ముగ్గులా రాలిపోయాయి. కర్ర లోంచి, జిగురు లోంచి, వార్నిష్‌లోంచి వచ్చే పులుపు ఆవిరి సీసాన్ని తినేస్తుందని తరవాత తెలుసుకున్నాను. దాదాపు రెండువేల ఏళ్లు మట్టిలో నిలిచినవి నా పెట్టెలో ఆరేళ్లు నిలవలేదు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు.

మర్నాడు పుస్తకం తీశాను. మాస్టారు నేర్పినట్టే, వచ్చిన ప్రతి నాణేనికీ ఉల్లిపొర కాగితం మీద రెండు వైపులా పెన్సిలు అచ్చు, పక్కన చీటీ, బరువు. పద్నాలుగూ ఉన్నాయి. ఏనుగులు, ఉజ్జయినీ చిహ్నాలు, ఒకదాని మీద రెండు తెరచాప కొయ్యల ఓడ. కిందటేడు ఒక పరిశోధక విద్యార్థిని వచ్చి రెండు రోజులు కూర్చుని ఆ అచ్చులన్నీ ఫొటో తీసుకుంది. "నాణేలు చూపించలేకపోతున్నానమ్మా" అంటే, "ఎక్కడ దొరికాయో ఉంది, బరువుంది, బొమ్మ ఉంది. నాకివి చాలండీ" అంది. మాస్టారు ఉండి వినాల్సిన మాట.

ఇప్పుడు సీసం నాణేలు గట్టి ప్లాస్టిక్ డబ్బాల్లో ఉన్నాయి, నెలకోసారి తెరుస్తాను. మిగతావాటిలో మీకు చూపించాలని ఉన్నవి మూడు. ఒకటి కృష్ణదేవరాయల బంగారు వరహా. చొక్కా గుండీ కంటే చిన్నది, మూడున్నర గ్రాములకి కాస్త తక్కువ. ఒకవైపు బాలకృష్ణుడు, రెండో వైపు నాగరిలో శ్రీ ప్రతాప కృష్ణరాయ. అమ్మాయి చదువు ఫీజు ఆఖరి వాయిదా కట్టేశాక కొన్నాను. రెండోది పశ్చిమ క్షత్రప రాజు నహపాణుడి వెండి నాణెం. ఆయన్ని ఓడించిన గౌతమీపుత్ర సాతకర్ణి ఆ నాణేల మీదే తన గుర్తులు కొట్టించాడు. 1906లో నాసిక్ దగ్గర జోగల్తంబిలో ఇలాంటివి పదమూడువేలకు పైగా బయటపడ్డాయి. నాదాంట్లో ఉజ్జయినీ చిహ్నం కిందనుంచి పాత రాజుగారి ముక్కు స్పష్టంగా కనిపిస్తుంది.

మూడోది చివరి బెంచీ పొడుగాయన ఇచ్చినది. వాళ్ల అత్తగారి మెడలో దండలోది, నిజాం కాలం చార్మినార్ రూపాయి. కొక్కెం అతికిన మచ్చ ఉంది కాబట్టి బజారులో ధర తగ్గుతుంది. నేను దాన్ని తోమించలేదు. చార్మినార్ గుమ్మంలో చిన్న అక్షరం ఉంటుంది, నిజాం ఉస్మాన్ అలీఖాన్ పేరులోని మొదటి ఉర్దూ అక్షరం ఐన్. చీటీ మీద ఆమె పేరు, ఊరు, పెళ్లినాటి దండ అని రాశాను. ఒరేయ్ పొడుగూ, ఏ ఏడు పెళ్లో నువ్వింకా చెప్పలేదు. ఆ గడి ఖాళీగానే ఉంది.

మాస్టారు రిటైరైన రోజు నేను సరుకు కోసం ఊళ్లో లేను. ఆయన్ని చివరిసారి చూసింది మా కొట్లోనే, రాగి చెంబుకి కళాయి వేయించడానికి వచ్చారు. అగ్గిపెట్టె సంగతి అడిగాను. "మ్యూజియం వాళ్లకి ఇచ్చేశానురా. చీటీతో సహా. రసీదు కూడా ఉంది" అన్నారు. డబ్బు తీసుకోనంటే వినలేదు, లెక్కకట్టి ఇచ్చి వెళ్లారు. ఆ బిల్లు కాపీ నా దగ్గరుంది.

కమిటీ నా ఫొటో అడిగింది. దాని బదులు ఆ రోజు ఉల్లిపొర కాగితం పంపుతున్నాను. జాగ్రత్తగా స్కాన్ చేసి తిరిగి ఇవ్వండి. ఆ పీరియడ్లో మనం నలభై మూడుమందిమి ఉన్నాం, నలభై మూడు ఏనుగులు తీశాం. ఎవరి పాత ట్రంకు పెట్టెలోనైనా ఇంకోటి ఉంటే సమావేశానికి తీసుకురండి. నా కాగితంలో అంచున ఉన్న రెండో అక్షరం చెరిగిపోయింది. మీదాంట్లో ఉండచ్చు. భూతద్దం నేను తెస్తాను.