యథాప్రకారముగా

దానియేలు ఆరో అధ్యాయం అనగానే మనకు సింహాలే గుర్తొస్తాయి. సండే స్కూల్లో చార్టు మీద ఆ బొమ్మ చూసిన దగ్గర్నుంచీ అంతే. నేను మాత్రం కొన్నేళ్లుగా పదో వచనం దాటి సింహాల దాకా వెళ్లలేకపోతున్నాను. ముప్పై రోజులు రాజుకు తప్ప ఏ దేవునికీ మొర పెట్టకూడదు, పెడితే సింహాల గుహే అని రాజు శాసనం. దాని తర్వాతి మాట ఇది. “ఇట్టి శాసనము సంతకము చేయబడెనని దానియేలు తెలిసికొనినను అతడు తన యింటికి వెళ్లి, యథాప్రకారముగా అనుదినము ముమ్మారు మోకాళ్లూని...” అక్కడే, ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోతాను.

యథాప్రకారముగా. ఎప్పటిలాగే. ప్రాణం మీదకొచ్చిన రోజున ఆయన కొత్తగా చేసింది ఏమీ లేదు. ప్రత్యేక కూటం పెట్టినట్టు ఆ వచనంలో లేదు. గొంతు పెంచినట్టూ లేదు. నిన్న ఏ వేళకు మోకరించాడో ఈ రోజూ ఆ వేళకే మోకరించాడు. స్తుతించాడు కూడా అని ఉంది చూడండి. మరణశాసనం మీద సంతకం పడిన రోజున స్తుతి!

బబులోనుకు బందీగా వచ్చేనాటికి కుర్రవాడు, ఈ అధ్యాయం నాటికి ఎనభై దాటిన ముసలాయన. రోజుకు మూడుసార్లంటే ఏడాదికి వెయ్యి దాటుతుంది. కుర్రతనం నుంచే ఈ అలవాటు ఉందనుకుంటే, అరవై ఏళ్లకు 65 వేలు దాటిన ప్రార్థనలు. వాటిలో బైబిల్లో రాయబడినవి ఎన్ని? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ ఎవరికీ తెలియని మామూలు రోజుల ప్రార్థనలు. కొన్ని రోజులు నిద్ర కళ్లతో, కొన్ని రోజులు ఆఫీసు టెన్షన్‌తో చేసుంటాడు. రాజు కొలువులో ఉద్యోగం అంటే మాటలా!

ఇక ఆ కిటికీలు. యెరూషలేము వైపు తెరిచి ఉండేవి. కానీ ఆ వైపు అప్పటికి ఏముంది? క్రీస్తుపూర్వం 586లో దేవాలయం కాలిపోయింది. అంటే నలభై ఏళ్లకు పైగా ఆయన ఒక బూడిదకుప్ప వైపు తిరిగి ప్రార్థన చేస్తున్నాడు. తొమ్మిదో అధ్యాయంలో గబ్రియేలు దూత వచ్చిన వేళను “సాయంత్రపు బలి అర్పించు సమయమున” అని రాసుకున్నాడు. బలి ఎక్కడ? బలిపీఠమే లేదు. అయినా ఆ ముసలాయన గడియారం ఇంకా దేవాలయం వేళలతోనే నడుస్తోంది. ఇది చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

నన్ను మరీ పట్టి కుదిపేది ఇంకొకటి. శత్రువులు ఆయనకు వల ఎలా పన్నారు? ఆయన ప్రార్థన మానడని వాళ్లకు గట్టి నమ్మకం. శాసనం గడువు ముప్పై రోజులు. మనలాంటి వాళ్లయితే ముప్పై రోజులు మనసులోనే అనుకుని సరిపెట్టుకుంటారు. ఈయన అలా సరిపెట్టుకోడని, ఫలానా ఇంట్లో, ఫలానా వేళకు మోకాళ్ల మీద దొరుకుతాడని పగవాళ్లకు కూడా తెలుసు. రాజుకూ తెలుసు. గుహలో వేయించేటప్పుడు “నీవు అనుదినము తప్పక సేవించుచున్న నీ దేవుడే” అంటాడు. అనుదినము తప్పక! ఒక అన్యరాజు ఇచ్చిన సర్టిఫికెట్ అది.

ఇప్పుడు యేసు ప్రభువు పట్టుబడిన గెత్సేమనే తోటకు రండి. ప్రభువు ఆ రాత్రి ఎక్కడికి వెళ్లాడు? “తన వాడుక చొప్పున ఒలీవల కొండకు” అంటాడు లూకా. ఆయన్ని పట్టించిన శిష్యుడు యూదా ఎక్కడా వెతుక్కోలేదు. యేసు పలుమారు అక్కడికి వెళ్లేవాడు గనుక యూదాకు ఆ స్థలం తెలుసని యోహాను రాశాడు. పట్టుబడకూడదనుకుంటే ఆ ఒక్క రాత్రి వేరే చోటికి వెళ్తే చాలు. వెళ్లలేదు. దానియేలుకు కిటికీ ఎలాగో ప్రభువుకు ఆ తోట అలాగ. ఇద్దరూ ప్రార్థించే చోటే దొరికారు.

మనల్ని పట్టుకోవాలంటే ఎవరైనా ఎక్కడ వెతకాలి? ఫోన్‌లో అనాలి, సిగ్గు విడిచి చెప్తున్నాను. నాతో కలిపే.

మా సంఘంలో ఒక బ్రదర్ ఉన్నాడు, మంచివాడే. “అలవాటుగా చేస్తే ఆచారమైపోతుందయ్యా, ఆత్మ ప్రేరేపించినప్పుడే చెయ్యాలి” అంటాడు. మరి పొద్దున్నే చోడి అంబలి తాగడానికి ఎవరి ప్రేరేపణ కోసం కాచుకుంటున్నాడో నేను అడగలేదు. ఆచారం చెడ్డదయ్యేది మనసు లేనప్పుడు. మనసు రోజూ ఉండదు కాబట్టే వేళ పెట్టుకోవాలి. వేళకు కూర్చుంటే మనసు వెనకాల వస్తుంది, ఒక్కోసారి ఆలస్యంగా వస్తుంది, కొన్ని రోజులు రాదు. రాకపోయినా కూర్చోండి.

డిసెంబర్ 31 రాత్రి చర్చి బయట నిలబడటానికి చోటుండదు. కొత్త ఏడాదికి వచనం రాసిచ్చే వాగ్దానం కార్డు తీసుకుని కళ్లకద్దుకుంటాం. ఫిబ్రవరికి ఆ కార్డు ఎక్కడుందో తెలియదు. పిల్లాడు డీఎస్సీ రాస్తే పాస్టరుగారికి ఫోను, విశాఖలో ఆపరేషన్ అంటే ఫోను, “అయ్యా, ప్రార్థన చెయ్యండి” అని. అడగండి, తప్పు లేదు. కానీ మీ నోరు మీకుంది కదా! పొద్దున్నే వాట్సాప్‌లో వాగ్దాన వచనం ఇరవై మందికి పంపి, అదే ప్రార్థన అనుకునే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పది నిమిషాలు చాలు. ఒక చోటు పెట్టుకోండి, ఒక వేళ పెట్టుకోండి. ఫోన్ వేరే గదిలో ఉంచండి. మాటలు రాకపోతే ఒక కీర్తన పైకి చదవండి, అదే ప్రార్థన. ఒక రోజు తప్పితే మర్నాడు మళ్లీ మొదలుపెట్టండి, అంతేగానీ వచ్చే జనవరి దాకా వాయిదా వెయ్యకండి.

మాది పలాస వైపు. మా అమ్మ జీడి పిక్కలు కొట్టే పనికి వెళ్లేది. చేతులకు బూడిద రాసుకున్నా జీడి నూనె తగిలి వేళ్లు నల్లగా, తోలు ఊడి ఉండేవి. ఆ వేళ్లే ముడిచి రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకు వంటింట్లో చాప మీద కూర్చునేది. గట్టిగా చేసేది, మాకు నిద్ర చెడిపోయేది. వరసలో మొదట మా నాన్న పేరు, తర్వాత మేము, ఆ తర్వాత వీధి. రోజూ అవే పేర్లు, అదే వరస. చిన్నప్పుడు నవ్వుకునేవాళ్లం.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను మా మీద తీరం దాటింది సరిగ్గా ఆ వేళకే. కరెంటు లేదు. కొబ్బరిచెట్లు పడుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినపడటం లేదు. అంతలో తలుపు బాదారు. ఎదురింటి వాళ్ల రేకులు ఎగిరిపోయాయట, పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. వాళ్లు చర్చికి వెళ్లే వాళ్లు కాదు, అమ్మవారికి మొక్కే వాళ్లు. “ఈ వేళకి నువ్వు లేచే ఉంటావని తెలుసప్పా, అందుకే ఇటొచ్చేశాం” అంది ఆవిడ.

అమ్మ వాళ్లను చాప మీద కూర్చోమంది. తనూ కూర్చుని, ఆపిన చోటు నుంచి మళ్లీ అందుకుంది. వీధి వరసలో వాళ్ల పేర్లు ఎప్పటి చోటే వచ్చాయి. ఆమెన్ అనేసి లేచి, గ్యాసు వెలిగించి, తొమ్మిది మందికి టీ పెట్టింది.