నీళ్ళతొట్టి గోడ మీది నాచు

2025 ఆగస్టు 24, ఆదివారం

రాత్రంతా కురిసిన వాన తెల్లవారేసరికి వెలిసింది. కాఫీ తాగి పెరట్లోకి వెళ్ళేసరికి అత్తయ్యగారు నీళ్ళతొట్టి దగ్గర నిలబడి, "బుధవారం చవితి. రేపు సున్నం వేసే మనిషి వస్తాడు. ఈ పాచంతా ఇవాళే గీకించెయ్యమ్మా, ఎవరైనా కాలుజారి పడతారు" అన్నారు. కాలు జారేది కింద గచ్చు మీద జిగటగా పట్టిన పాచి వల్లనే గాని గోడ మీద మొలిచిన దాని వల్ల కాదని చెప్పాను. అయితే చెరువులో తేలేదీ నాచే, గచ్చు మీద జారేదీ నాచే, గోడకు మఖమలులా అంటుకున్నదీ నాచే అయిన మన భాషలో ఈ వాదన నెగ్గడం కష్టం.

గోడ మీది ఆ మఖమలు నాచు పేరు విషయంలో నేను కూడా చాలా ఏళ్ళు పొరబడ్డాను. మేము చదువుకున్న వృక్షశాస్త్రంలో మాస్ (ఈ మఖమలు నాచు) అంటే ఫ్యునేరియా అనే రకం ఒక్కటే. రికార్డు పుస్తకంలో దాని బొమ్మ ఎంత శ్రద్ధగా గీశానంటే, ఆ తరువాత ఏ గోడ మీద పచ్చదనం కనబడినా అది ఫ్యునేరియాయే అనుకున్నాను. కిందటి ఏడాది వానలకు తొట్టి గోడ మీద కొన్ని గుళికలు, అంటే విత్తనాల్లాంటి పొడిని దాచుకునే చిన్న తిత్తులు, లేచినప్పుడు గాని అనుమానం రాలేదు. ఫ్యునేరియా గుళిక ఒక పక్కకు వంగి, పియర్ పండు ఆకారంలో ఉంటుంది. మూత ఊడితే అంచున రెండు వరుసల పళ్ళు కనిపిస్తాయి. ఇవేమో నిటారుగా, సన్నగా నిలబడ్డాయి, మూత ఊడిన తరువాత అంచున ఒక్క పన్ను కూడా లేదు.

ఆకులను చూడడానికి ఫోల్డ్‌స్కోప్ తెప్పించుకున్నాను. స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం రూపొందించిన ఆ కాగితపు సూక్ష్మదర్శిని సుమారు 140 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది. ఫ్యునేరియా ఆకులో కణాలు పెద్దవిగా, పలుచగా, గాజుపలకల్లా ఉండాలి. దీని ఆకు పైభాగంలో అవి చిన్నవిగా, వెలుతురు సరిగా దూరనంత చిక్కగా ఉన్నాయి. కొన దగ్గర అంచున చిన్న రంపపు పళ్ళు ఉన్నాయి. ఆకుకూ కాండానికీ నడుమ పొట్టి కాడల మీద నక్షత్రాల వంటి జెమ్మాలు, అంటే రాలిపడి కొత్త మొక్కలయ్యే చిన్న కణాల ముద్దలు, దాగి ఉన్నాయి. ఇది హయోఫిలా ఇన్వొల్యూటా. ఇన్వొల్యూటా అంటే లోపలికి చుట్టుకున్నది అని అర్థం. ఆ పేరు ఎందుకు వచ్చిందో తెలుసుకోవడానికి సూక్ష్మదర్శిని కూడా అక్కరలేదు. వేసవిలో ఆకులన్నీ గొట్టాల్లా చుట్టుకుని, పోపులో మాడిన జీలకర్రలా నల్లబడి ఉంటాయి. ఒక్క నీటిచుక్క వేసి చూస్తూ ఉంటే నిమిషంలోపే ఒక్కొక్కటీ విప్పుకుని మళ్ళీ పచ్చబడతాయి. ఈ ముచ్చట ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాదు.

పెంచడంలో మాత్రం మొదట భంగపడ్డాను. ఎవరో చెప్పారని నాచును మజ్జిగలో రుబ్బి కుండీకి పూస్తే వారం తిరిగేసరికి తెల్లటి బూజు పట్టి, ఇల్లంతా పులిసిన కంపు కొట్టింది. రెండోసారి ఎర్రమట్టిలో వేసి రోజూ బోరునీళ్ళు చల్లితే ఆకుల మీద ఉప్పుపొర తేలి చచ్చిపోయింది. నాచుకు నిజమైన వేళ్ళు ఉండవు, మూలతంతువులు పట్టు కోసమే తప్ప నీళ్ళు ముఖ్యంగా ఆకుల ద్వారానే తీసుకుంటుంది అని చదువుకున్న దాన్నే అయినా, కుండీ చూడగానే మట్టి నింపాలనిపించింది!

అందుకే ఈ తొలి ఏకాదశి నాడు పద్ధతి మార్చాను. అది గోడ మీద ఇష్టంగా పెరుగుతున్నప్పుడు గోడనే ఇవ్వాలి. అర ఇటుకను వాననీటిలో రాత్రంతా నానబెట్టి, పాత గోడ నుండి రాలిన సున్నపు గచ్చుపొడిని పైన పలుచగా రుద్ది, ఎండిన నాచును వేళ్ళ మధ్య నలిపి, ముగ్గు వేసినట్టు చల్లాను. దానిని అడుగున అంగుళం వాననీళ్ళున్న పళ్ళెంలో నిలిపి, ఎండ నేరుగా తగలని వసారా మూలన ఉంచాను. మూడు వారాలకు ఇటుక మీద ఆకుపచ్చని నూగు వంటిది కనబడింది, అది ప్రథమతంతువు, అంటే నాచు మొక్క లేచే ముందు పాకే సన్నని పచ్చటి దారాలు. అంతకు మించి మరేమీ జరగక, నిరుడు మిగిలిన మజ్జిగ కథే ఇది కూడా అనుకున్నాను.

ఈ ఉదయం భూతద్దం పెట్టి చూస్తే ఆ నూగులో నుండి ఆవగింజలో సగం కూడా లేని మొగ్గలు లేచి ఉన్నాయి. లెక్కపెట్టినవి పదకొండు. ఒకదానికి అప్పుడే మూడు ఆకులు విచ్చుకున్నాయి. అత్తయ్యగారిని పిలిచి భూతద్దం చేతికిచ్చాను. చాలాసేపు చూసి, "చిన్న తమలపాకు మొక్కలా ఉందే" అన్నారు. పోలిక కుదరలేదు గాని నేను కాదనలేదు.

సాయంత్రం గచ్చు మీది పాచి నేనే గీకి కడిగాను. తొట్టి గోడకు ఉత్తరం వైపున రెండు జానల మేర సుద్దముక్కతో గీత గీసి ఉంచాను. అందులో సున్నం వేయవద్దని రేపు వచ్చే మనిషికి తానే చెబుతానని అత్తయ్యగారు అన్నారు.