నాగలాపురం ఏటి వెంట మూడు రోజులు: నా అనుభవం

డిసెంబరులో 12 మందిమి నాగలాపురం కొండల్లో ఏటి వెంట మూడు రోజులు నడిచి, నిన్న రాత్రే తిరుపతికి తిరిగి వచ్చాము. కుడి అరచేతి గాయం ఇంకా మండుతూ ఉండగానే ఇది రాస్తున్నాను.

రిజర్వు అటవీప్రాంతంలో అనుమతి లేకుండా అడుగుపెట్టడం నేరం కనుక ముందే దరఖాస్తు చేసుకున్నాము; వారంలో అనుమతి వచ్చింది. పుత్తూరు, నారాయణవనం, పిచ్చాటూరు మీదుగా బస్సులో వెళ్లి, మధ్యాహ్నానికి నడక మొదలుపెట్టాము.

సాయంత్రం ఇసుక మెత్తగా ఉందని మా బృంద నాయకుడు ఏటి ఒడ్డునే గుడారాలు వేయమన్నారు. నా తలకంటే ఎత్తున కొమ్మల్లో ఎండుగడ్డి, పుల్లలు చిక్కుకుని కనిపించాయి. వరద అంత ఎత్తుకు వచ్చి వెళ్లిందనడానికి అదే గుర్తు. ఈశాన్య రుతుపవనాల కాలంలో కొండపైన ఎక్కడో కురిసిన వాన, ఇక్కడ చినుకు పడకుండానే ఏరై దిగుతుంది. 22 ఏళ్లుగా భూగోళం బోధిస్తున్నదాన్ని, ఆ మాట చెప్పకుండా ఉండలేకపోయాను. దారి చూపే కుర్రాడు కూడా నా మాటే బలపరచడంతో అందరూ పైనున్న బండ మీదికి మారారు. నాయకుడు మాత్రం ఆ రాత్రి నాతో మాట్లాడలేదు. మరునాడు జరిగినదానికి మూలం అదేనని నా నమ్మకం.

రెండో రోజు ఉదయం ఏరు రెండు కొండల నడుమ ఇరుకున పడింది. ఇరువైపులా బండలు గోడల్లా లేచి ఉన్నాయి. వాటి మధ్య నీరు ఈ అంచు నుంచి ఆ అంచుకు నిండి, కాలు మోపడానికి గట్టన్నదే లేదు. సుమారు 30 గజాల మడుగు. నాకు ఈత రాదని నెల ముందే రాసి ఇచ్చాను. లారీ ట్యూబు ఉంటుంది, బెంగ వద్దని నాయకుడు బదులిచ్చారు. ఆ ట్యూబు మీద ముందుగా తన సంచిని, తరువాత మిగతావారి సంచులను దాటించారు. చివరి విడతలో అది రాతి మొనకు తగిలి పగిలింది. మిగిలినవారు ఈదుకుంటూ వెళ్లిపోయారు. నేను, నా సంచి, ఆ కుర్రాడు ఇవతల మిగిలాము.

అవతలి నుంచి ఆయన అందరూ వినేలా, "మేడం, మీ ఒక్కరి కోసం 11 మందిమి ఆగిపోయాం. రాలేకపోతే అక్కడే కూర్చోండి, తిరిగి వచ్చేటప్పుడు చూద్దాం" అన్నారు. మేము ఆ దారిన తిరిగి రాబోమని ఆయనకు తెలుసు. ఎవరూ నోరు మెదపలేదు. వారిలో నా పూర్వ విద్యార్థి ఒకడు ఉన్నాడు. తల వంచుకుని బూటు తాళ్లు సర్దుకుంటూ ఉండిపోయాడు. క్లాసులో ఎన్నడూ వణకని నా గొంతు, "వస్తున్నాను" అనడానికి కూడా పెగల్లేదు.

కుర్రాడు నెమ్మదిగా, "అక్కా, సంచి లోపల కవరేసినావా?" అని అడిగాడు. యూరియా బస్తా లోపలి మందపాటి కవరులోనే సామానంతా సర్దుకున్నాను. అతడు దాని మూతి విప్పి, కొంత గాలి నిలిచేలా మెలిపెట్టి, మడిచి, తాడుతో బిగించాడు. సంచి బరువు 9 కిలోలే. 45 లీటర్ల సంచి పూర్తిగా మునగాలంటే దాని బరువు 45 కిలోలైనా ఉండాలి. పిల్లలకు చెప్పే ఈ లెక్క ఆ క్షణంలో నాకు తట్టనేలేదు. "దీన్ని రొమ్ము కింద పెట్టుకో, కాళ్లు మాత్రం ఆడించు. నన్ను పట్టుకోవద్దు, సంచిని వదలొద్దు" అన్నాడు. చల్లదనానికి ఊపిరి బిగుసుకుపోయింది. నడిమధ్యలో కాళ్ల కింద ఏమీ లేదన్న స్పృహ కలిగినప్పుడు పక్కనే ఈదుతున్న అతని మొహం తప్ప మరేదీ చూడలేదు. అవతలి బండను పట్టుకోబోయి అరచేయి చీల్చుకున్నాను. పైకి లాగింది నా విద్యార్థే.

మడుగును ముందుగా తాను దాటేవాడు నాయకుడు కాడు. అందరూ దాటాక చివరగా దిగేవాడే నాయకుడు. ఇటువంటి నడకకు పేరు ఇచ్చే ముందు, ఆఖరున ఎవరు దాటుతారని తప్పక అడగండి. ట్యూబును నమ్మకండి, కవరు మరవకండి.

మూడో రోజు సులువుగానే గడిచింది. పిచ్చాటూరులో టీ తాగి బస్సెక్కాము. ఈ ఉదయం నాయకుడు ఖర్చుల లెక్క పంపారు. అందులో పగిలిన ట్యూబు ధరలో నా వంతు ఉంది, కుర్రాడి కూలీ మాత్రం రెండు రోజులకే వేసి ఉంది. మూడో రోజు కూలీ అతనికి నేనే పంపాను.