పసుపు పుస్తకం కోసం బెంగళూరు

పొద్దున అయిదున్నరకు అనంతపురం బస్టాండులో మా అక్క కూతురు ఆధార్ కార్డు చేతిలో పట్టుకుని నిలబడింది. ఆడవాళ్లకు టికెట్ లేకపోవడం అప్పటికే అలవాటైపోయింది కదా. "బెంగళూరు బస్సుకు స్త్రీశక్తి లేదు పాపా, లోపల పెట్టుకో" అన్నాను. ఇద్దరి టికెట్లూ నేనే తీశాను. పేరుకు సూపర్ లగ్జరీ. నా సీటు వెనక్కి వాలదు, దాని సీటు వాలితే మళ్లీ పైకి లేవదు.

పని చిన్నదే. పిల్ల ఆరు నెలలు కెన్యా వెళ్లాలనుకుంటోంది. పేదవాడల్లో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే ఒక సంస్థలో వాలంటీరుగా. ఆ దేశానికి వెళ్లి రావాలంటే ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నట్టు పసుపు రంగు చిన్న పుస్తకం ఉండాలి. అది లేకుండా తిరిగొస్తే ఎయిర్‌పోర్టు నుంచి ఆరు రోజులు క్వారంటైన్‌లో పెడతారు. ఆ టీకా మా ఊళ్లో దొరకదు. అందుకని బెంగళూరు.

కానీ మా అక్క నన్ను తోడు పంపింది టీకా కోసం కాదు. "దార్లో నిదానంగా చెప్పు. నువ్వూ పోయొచ్చినదానివే కదా, పోయొచ్చి ఏం సాధించావో అదే చెప్పు చాలు" అంది. ఆ "అదే చెప్పు చాలు" రాప్తాడు దాటే దాకా చెవిలో గుచ్చుతూనే ఉంది. 2014లో నేనూ ఇలాగే వాలంటీరుగా కెన్యా రాజధాని నైరోబీలో ఆరు నెలలు ఉన్నాను. తిరిగొచ్చి మొదటి ఇంటర్వ్యూకు వెళ్తే, అద్దాలు ముక్కు చివరికి జార్చుకున్న ఒకాయన నా బయోడేటా చూసి "ఈ ఆరు నెలలు ఖాళీగా ఉన్నారా?" అని అడిగాడు. లేదండీ, ఫుట్‌బాల్ అన్నాను. "అదేలెండి" అని పేజీ తిప్పాడు. పీఈటీ పోస్టుకైతే అసలు ప్రశ్నే లేదు. బీపీఎడ్ ఉందా, లేదా? అంతే.

పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ కనబడగానే పిల్ల నవ్వింది. వాళ్లమ్మ రోజూ చూపించే స్వర్గం అది.

నాకు అర్థం కానిది ఒకటుంది. స్పెయిన్ నుంచి వాలంటీర్లు రావడం మా అనంతపురం వాళ్లకు చిన్నప్పటి నుంచీ తెలుసు. స్పెయిన్ నుంచి వచ్చిన ఫాదర్ ఫెర్రర్ 1969లో ఇక్కడ పేదల కోసం పని మొదలుపెట్టారు, ఆ పని కోసమే వాళ్లూ వస్తుంటారు. 2010లో వాళ్ల దేశపు ఆటగాడు నాదల్ పేరుతో టెన్నిస్ బడి వచ్చాక రాకెట్లు భుజానేసుకుని కూడా వచ్చారు. మా అక్క వాళ్లకు మజ్జిగ ఇచ్చేది, ఉగ్గాని పెట్టేది, "ఎంత మంచి మనసో" అని మురిసిపోయేది. "ఈ పని చేశాక నీకు ఏ ఉద్యోగం వస్తుందమ్మా?" అని వాళ్లలో ఒక్కరినీ అడగలేదు. తన కూతురు అదే పనికి బయల్దేరితే మాత్రం మొదటి ప్రశ్న అదే.

బాగేపల్లిలో బస్సు ఆపాడు. కర్ణాటకలోకి వచ్చినా అంగడివాడు తెలుగులోనే "ఏం కావల్నమ్మా" అన్నాడు. కాఫీ గ్లాసు బొటనవేలంత, ధర మాత్రం బెంగళూరు ధర. అక్కడే పిల్ల ఫోన్లో ఆ సంస్థ పంపిన లెటర్ చూపించింది. "ప్రోగ్రామ్ ఫీజు" లక్షా ఎనభై వేలు, విమానం టికెట్ వేరే. నా చేతిలో కాఫీ చల్లారిపోయింది.

"పని మనదీ, డబ్బూ మనదేనా?"

"వాళ్లకూ ఖర్చులుంటాయి కదా చిన్నమ్మా."

ఉంటాయి, కాదనను. మన తిండి, మన గది ఆ పిల్లల డబ్బులోంచి పోకూడదు, నిజమే. నేను వెళ్లినప్పుడు విమానం ఖర్చు నాది, గది వాళ్లది, ఒక పూట భోజనం ఇంకెవరిదో. లక్షా ఎనభై వేలలో ఆ మైదానానికి చేరేదెంత, మధ్యలో ఆగిపోయేదెంత? ఆ లెటర్లో సర్టిఫికెట్ గురించి నాలుగు లైన్లున్నాయి గానీ దీని గురించి ఒక్క ముక్క లేదు. అక్క పంపిన పని మరిచిపోయి నా కోపమంతా ఆ లెటర్ మీదికి మళ్లింది. చిక్కబళ్లాపురం, దేవనహళ్లి ఎప్పుడు దాటామో చూడలేదు. హెబ్బాళ్ దగ్గర మాత్రం చూశాను. చూడక తప్పదు, అక్కడ బస్సు కదిలితే కదా.

మెజెస్టిక్ నుంచి టీకా కేంద్రానికి సిటీ బస్సెక్కాం. చుట్టూ ఆడవాళ్లంతా కార్డు చూపించి ఊరికే కూర్చుంటున్నారు. మా పాప ధైర్యంగా ఆధార్ తీసింది. కండక్టరు అడ్రసు చూసి "ఆంధ్రానా?" అని రెండు టికెట్లు చింపాడు. మా కార్డు మా రాష్ట్రం బస్సులో చెల్లలేదు, ఈ రాష్ట్రం బస్సులోనూ చెల్లలేదు.

టీకా సీసా తెరిస్తే కొన్ని గంటల్లోనే వాడేయాలి, అందుకే సరిపడా మంది పోగయ్యేదాకా కూర్చోబెడతారు. మేం రెండు గంటలు కూర్చున్నాం. ఫ్యాన్ ఒకటే, అది క్లర్కు మీదికి తిరిగి ఉంది. పక్కన నంద్యాల ఆయన ఒకాయన. టాంజానియాలో బోర్లు వేసే కంపెనీలో పనట. పిల్లను అడిగాడు, "జీతం ఎంతమ్మా?"

"జీతం లేదు అంకుల్."

"తిండీ గదీ ఇస్తారా?"

"దానికి మేమే కట్టాలి."

ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "ఇంట్లో తెలుసా?" అన్నాడు.

లోపల నర్సమ్మ గుడ్డు పడుతుందా అని అడిగింది. ఈ టీకాను కోడిగుడ్లలో తయారు చేస్తారు కాబట్టి గుడ్డు పడనివాళ్లకు ఇబ్బంది. టీకా వేశాక అరగంట కూర్చోమంది, పది రోజుల తర్వాతే పుస్తకం అమల్లోకి వస్తుందని చెప్పింది. నేను నా పాత పుస్తకం కూడా సంచిలో వేసుకొచ్చాను, ఎందుకో నాకే తెలియదు. మూలలు నలిగిపోయి, పదేళ్లు చెల్లుతుందని 2024 తేదీ రాసి ఉంది. "ఇది అయిపోయినట్టేనా?" అని చూపించాను. ఆమె ఒక్కసారి చూసి ఇచ్చేసింది. "2016లో రూలు మారింది మేడం. పాతవి కూడా జీవితాంతం చెల్లుతాయి."

నైరోబీ నుంచి తెచ్చుకున్న కాగితాలు నా దగ్గర ఒక ఫైలు నిండా ఉన్నాయి. సర్టిఫికెట్, రెండు సిఫార్సు లేఖలు, లామినేషన్ చేయించిన ఫొటో. వాటన్నిట్లో ఇప్పటికీ చెల్లేది ఇదొక్కటే.

సాయంత్రం పిల్ల పెలే విగ్రహం చూస్తానంది. మెట్రోలో హలసూరు, అక్కడి నుంచి ఆటోలో గౌతమపుర. దగ్గరే, అయినా ఆటో అతను మీటరుకు రానన్నాడు. మీటరు వేస్తే 36 రూపాయలతో పోయేది, ఎనభై తీసుకున్నాడు. వాడలో ఆ మూల మీద బుద్ధుడు, అంబేడ్కర్, మదర్ థెరిసా పక్కన పెలే ఉన్నాడు, బంతితో సహా. దండ కూడా ఉంది. మన ఊళ్లలో ఆ వరసలో ఆటగాడు నిలబడటం నేను చూడలేదు.

దగ్గర్లోని మైదానంలో పిల్లలు ఆడుతుంటే గట్టు మీద కూర్చున్నాం. మా మాటలు విని కోచ్ దగ్గరికొచ్చాడు. "తెలుగా అక్కా?" ముప్పయ్యేళ్లుంటాయి, సొంతూరు కేజీఎఫ్. అతని తెలుగులో సగం తమిళం, పావు కన్నడం. తండ్రి గనుల్లో చేసేవాడు. 2001లో గనులు మూసేశాక ఇల్లంతా రోజూ రైలెక్కి బెంగళూరు పనులకు వచ్చేవాళ్లట. ఇతను ఒక ఏడాది జర్మనీలో వాలంటీరుగా ఉండి వచ్చాడు. వెల్ట్‌వెర్ట్స్ అని అక్కడి ప్రభుత్వ పథకం. 2008లో మొదలైనప్పుడు జర్మనీ పిల్లలు మాత్రమే మన లాంటి దేశాలకు వచ్చేవాళ్లు. 2013 నుంచి మనవాళ్లు అక్కడికి వెళ్లే దారి కూడా తెరిచారు. తిండి, గది, చేతిఖర్చు వాళ్లే ఇస్తారు.

"ఫీజు?" అన్నాం ఇద్దరం ఒకేసారి.

"నేను కట్టలేదక్కా. కట్టేదుంటే పోయేవాణ్ని కాదు."

మూడు నెలలు అతను కోచింగ్ ఇవ్వలేదట. బంతులకు గాలి కొట్టడం, సున్నంతో గీతలు గీయడం, జెర్సీలు ఉతికి ఆరేయడం. "మా అమ్మకి చెప్పలే. ఫోన్లో కోచ్ అనే చెప్పినా." ఇప్పుడు పొద్దున ఒక స్కూల్లో కాంట్రాక్టు పీఈటీ, సాయంత్రం ఈ మైదానం, శని ఆదివారాలు కంపెనీల టోర్నమెంట్లలో రెఫరీ. "మూడు ఉద్యోగాలు కలిపితే ఒక జీతం వస్తుందక్కా" అని నవ్వాడు. అతని బ్యాచ్‌లో ఒకడు ఫిజియో, ఒకమ్మాయి పెద్ద కంపెనీలో సేవా పనులకు డబ్బు పెట్టే సీఎస్ఆర్ విభాగంలో ఉంది, ఇంకొకడు ఇన్సూరెన్స్ అమ్ముతున్నాడు.

ఆ సీఎస్ఆర్ సంగతి నాకు బాగా తెలుసు, నా తిండి అందులోంచే. 2013 కంపెనీల చట్టం వచ్చాక పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం ఇలాంటి పనులకు పెట్టాలి, ఆటలకు శిక్షణ కూడా ఆ జాబితాలో ఉంది. డబ్బు పెట్టినవాడు లెక్క అడుగుతాడు. ఎంతమంది పిల్లలు వచ్చారు, ఎంతమంది మానేశారు, ఎందుకు? దానికి మనుషులు కావాలి. నాకు ఉద్యోగం ఇచ్చినావిడ నా సర్టిఫికెట్ అడగలేదు, హాజరు పట్టీ ఎలా రాస్తావో చూపించమంది.

అది నేను నైరోబీలోనే నేర్చుకున్నాను. మేమున్నది మథారే అనే పేదవాడ పక్కన. అక్కడ 1987 నుంచి మథారే యూత్ స్పోర్ట్స్ అసోసియేషన్ ఉంది. వాళ్ల లీగులో మ్యాచ్ గెలిస్తే పాయింట్లు, జట్టంతా కలిసి వాడలో చెత్త ఎత్తినా పాయింట్లు. అక్కడ పుట్టిన మథారే యునైటెడ్ 2008లో కెన్యా లీగే గెలిచింది. మాది చిన్న క్లబ్బు, మా దగ్గర నాలుగు బంతులు, ఒక రిజిస్టరు. వెళ్లిన రెండో నెలలో ఆ రిజిస్టరు తిరగేస్తుంటే గురువారాల్లో ఆడపిల్లల పేర్ల ఎదురుగా అన్నీ సున్నాలే. శ్రద్ధ లేదని నాకు కోపమొచ్చింది. అడిగితే ఒక పిల్ల నన్ను తీసుకెళ్లి చూపించింది. గురువారం వాళ్ల సందులో నీళ్లు వచ్చే రోజు. పసుపు పచ్చ డబ్బాల వరుస, ఆ వరుసలో నా జట్టు మొత్తం. ప్రాక్టీసు శుక్రవారానికి మార్చాం. నేనక్కడ చేసిన పెద్ద పని అంతే. మా అక్కకు ఇదెలా చెప్పాలో ఇప్పటికీ తెలియదు.

కోచ్ ఈలోగా పిల్లను మైదానంలోకి లాగాడు. రెఫరీ లేని ఆట. మొదట జట్లు కూర్చుని రూల్స్ మాట్లాడుకోవాలి, తర్వాత ఆడాలి, తర్వాత మళ్లీ కూర్చుని ఎవరెంత న్యాయంగా ఆడారో పాయింట్లు ఇచ్చుకోవాలి. 1994 ప్రపంచకప్‌లో పొరపాటున సొంత జట్టు మీదే గోల్ కొట్టిన కొలంబియా ఆటగాడు ఎస్కోబార్‌ను ఆ దేశంలోని మెడెయిన్ నగరంలో కాల్చి చంపాక, అక్కడి వీధుల్లో పుట్టిన పద్ధతి. మొదటి గోల్ అమ్మాయే కొట్టాలనే రూలు కూడా అక్కడిదే. ఇక్కడ ఒక అబ్బాయి ఆ రూలు వినగానే బంతి చంకలో పెట్టుకుని కూర్చున్నాడు, ఇవ్వడు. వాళ్ల జట్టులో ఉన్న ఒక్క అమ్మాయి గోల్ దగ్గర చున్నీ నడుముకు బిగించి నిలబడింది. మా పాపకు కన్నడం రాదు, తమిళం రాదు. వాడి పక్కన చతికిలబడి తెలుగులోనే ఏదో చెప్పింది. వాడికి ఎంత అర్థమైందో గానీ, బంతి మాత్రం ఆ అమ్మాయి కాళ్ల దగ్గరికే కొట్టాడు. గోల్ కాలేదు, స్తంభానికి తగిలింది. అయినా రెండు జట్లూ అరిచాయి.

రాత్రి ముగ్గురం ముద్దె మెస్‌కు వెళ్లాం. రాగిముద్ద, సొప్పు సారు అనే ఆకుకూర చారు. నైరోబీలో రోజూ ఇదే రకం, అక్కడ మొక్కజొన్న పిండితో ఉగాలి, పక్కన సుకుమ వికి అనే ఆకుకూర. "వారాన్ని నెట్టుకురా" అని ఆ పేరుకు అర్థం, చేతిలో డబ్బుల్లేని రోజుల కూర. మొదటి రోజు తిని మా అమ్మమ్మ సంగటి గుర్తొచ్చి ఏడ్చానని చెబితే పిల్ల నమ్మలేదు. కోచ్ ఆ లెటర్ అడిగి తీసుకుని కిందికీ పైకీ చదివాడు. "ఈ డబ్బు క్లబ్బుకు ఎంత పోతుందో అడుగు. నువ్వు పోకముందు ఆ పని ఎవరు చేస్తున్నారో అది కూడా అడుగు" అన్నాడు. పిల్ల ముద్ద తిన్న చేయి కడుక్కుని అక్కడే కూర్చుని మెయిల్ రాసింది. నన్ను ఇంగ్లీషు దిద్దమంది. దిద్దడానికేమీ లేదు.

మర్నాడంతా చిక్‌పేటలో పోయింది, దాని గురించి చెప్పుకోడానికేమీ లేదు, అక్కకు రెండు చీరలు కొన్నాం.

తిరుగు బస్సులో దేవనహళ్లి దాటాక అక్క ఫోన్. "ఏమైంది?"

"టీకా వేశారు. చెయ్యి నొప్పంటోంది."

"నేనడిగింది అది కాదు."

"మెయిల్ పెట్టింది అక్కా. డబ్బు ఎక్కడికి పోతుందో అడిగింది."

అవతల కాసేపు మాట లేదు. "దాని సంగతి సరే. నువ్వేం చెప్పావు దానికి?"

గురువారాల సంగతి చెప్పానన్నాను. "ఏ గురువారం?" అంది. బస్సు చప్పుడులో వినపడటం లేదని, ఇంటికొచ్చి చెప్తానని పెట్టేశాను. వెళ్లి చెప్పాను కూడా. నీళ్ల వరుస దాకా ఊరికే వింది. తర్వాత, "డబ్బాలు మనకున్నట్టు బిందెల్లా ఉంటాయా, మూతలుంటాయా?" అని అడిగింది.

టీకా వేసి ఇవాళ్టికి పదకొండు రోజులు. పుస్తకం అమల్లోకి వచ్చింది. మెయిల్‌కు జవాబు రాలేదు. పిల్ల రోజుకు నాలుగుసార్లు చూస్తోంది, వాళ్లమ్మ అయిదుసార్లు అడుగుతోంది.