ఛానల్ తెలుసుననుకుంటే

ఈ రాత్రి నిద్ర పట్టకపోవడానికి కారణం అత్తయ్యగారి దగ్గు కాదు, నా విద్యార్థి థీసిస్ నాలుగో అధ్యాయంలోని ఒక వాక్యం: "రిసీవర్‌కు ఛానల్ పూర్తిగా తెలుసునని భావించడమైనది." ఛానల్ అంటే పంపిన సిగ్నల్ దారిలో ఎలా మారి చేరుతుందన్నది. ఆ వాక్యం తరువాత పేజీలకు పేజీలు సిగ్నల్ డిటెక్షన్ లెక్కలు, అంటే అందినదాన్ని బట్టి పంపినదేమిటో తేల్చేవి; చివర ఆ అబ్బాయి కొత్త డిటెక్టర్ పాతదాని కంటే ఒక డెసిబెల్ మెరుగని చూపే గ్రాఫ్.

నాలుగు యాంటెనాలు పంపినవి ఇవతలి నాలుగు యాంటెనాల మీద కలగాపులగంగా వచ్చి పడినప్పుడు, వాటిని విడదీయడానికి ఒక్కో యాంటెనా జతకు ఒకటి చొప్పున 16 సంఖ్యలున్న మాట్రిక్స్ కావాలి; ఇక్కడ ఛానల్ అంటే అదే. ఆ సంఖ్యలు ఎవరూ చెప్పరు. ముందే తెలిసిన పైలట్ సింబల్స్ పంపి, అందినదాన్ని బట్టి అంచనా కట్టుకోవాలి. ఆ అంచనాలోనూ నాయిస్ ఉంటుంది. యాంటెనాకు ఒకటి చొప్పున మాత్రమే, డేటాతో సమానమైన పవర్‌తో పైలట్లు పంపి లీస్ట్ స్క్వేర్స్‌తో (తేడాల వర్గాల మొత్తం అతి తక్కువయ్యేలా అంచనా కట్టే పద్ధతితో) లెక్కగడితే, అంచనాలోని తప్పు అసలు నాయిస్‌కు తోడై దాన్ని రెట్టింపు చేస్తుంది, అంటే సుమారు 3 డెసిబెల్స్ పోతాయి. పోయేది మూడు, అబ్బాయి సంపాదించినది ఒకటి. ఆ నష్టం రెండు డిటెక్టర్లకూ ఉంటుంది నిజమే కానీ, మాట్రిక్స్‌ను ఎక్కువగా నమ్ముకున్నదానికే తరచూ ఎక్కువ దెబ్బ తగులుతుంది. ఇదే అడిగితే "అందరూ అలాగే రాస్తారు కదా మేడమ్" అన్నాడు. మధ్యాహ్నం నుంచి నన్ను తింటున్నది ఆ జవాబే.

ఎం.టెక్. రోజుల్లో మేము రెండేసి యాంటెనాలతో ల్యాబ్ బయటి కారిడార్‌లో కొలతలు తీసేవాళ్లం. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 12.5 సెంటీమీటర్లే కనుక, ట్రాలీని నాలుగు వేళ్ల వెడల్పు జరిపినా సంఖ్యలన్నీ మారిపోయేవి. లిఫ్ట్ తలుపు తెరుచుకుంటే ఒక మార్పు, అటెండర్ టీ పట్టుకుని అటుగా వస్తే ఇంకొకటి. రాత్రి బాగా పొద్దుపోయి భవనం ఖాళీ అయ్యాక గానీ అవి కుదురుగా నిలిచేవి కావు. అప్పుడు తెర మీద, అందిన సింబల్స్‌ను చూపే చుక్కలు నాలుగు గుంపులుగా విడిపోయాయి, సంతోషించాం.

ఇంతవరకు రాశాక కోపం కాస్త తగ్గింది. ఇలా రెండువైపులా అనేక యాంటెనాలు వాడే పద్ధతి మీద 1995లో టెలటార్, 1996లో ఫోషినీ అనే పరిశోధకులు బెల్ ల్యాబ్స్‌లో చేసిన లెక్కలు కూడా రిసీవర్‌కు ఛానల్ తెలుసుననే మొదలయ్యాయి. ఇరువైపులా యాంటెనాలు పెంచుతూ పోతే సామర్థ్యమూ (తప్పుల్లేకుండా పంపగల సమాచారపు వేగం) దాదాపు అదే నిష్పత్తిలో పెరుగుతుందని అలా తేలకపోతే, ఛానల్‌ను అంచనా వేసే శ్రమకు ఎవరు పూనుకునేవారు? గరిష్ఠంగా ఎంత దక్కుతుందో ముందు తెలియాలి. అబ్బాయి వాక్యం తప్పు కాదు, అక్కడే ఆగిపోవడం తప్పు. 2010లో మార్జెటా అనే పరిశోధకుడు బేస్ స్టేషన్‌కు యాంటెనాలు అపరిమితంగా పెంచితే ఏమవుతుందో చూసినప్పుడు, నాయిస్ ప్రభావం మాయమైంది కానీ, పక్క సెల్‌లో (పక్క బేస్ స్టేషన్ పరిధిలో) అవే పైలట్లు వాడటం వల్ల అంచనాలో కలిసిన కల్తీ మాత్రం పోలేదు.

కనుక ఆ గ్రాఫ్‌ను ఉండనిస్తాను; దాని పక్కన లీస్ట్ స్క్వేర్స్ అంచనాతో గీసిన రెండోది లేకుండా సంతకం పెట్టను. ఎం.ఎం.ఎస్.ఇ. (సగటు వర్గ దోషాన్ని అతి తక్కువ చేసే) అంచనాతో మూడోది కూడా అడుగుదామనుకున్నాను కానీ, దానికి ఛానల్ కోవేరియన్స్ (ఆ సంఖ్యలు సగటున ఎంత, ఒకదానితో ఒకటి ఎలా కలిసి మారతాయన్న లెక్క) ముందే తెలిసి ఉండాలి, అదీ తెలుసునని భావించడమైనదని రాసుకొస్తాడు.